కాంతి ఏమిటో దీపాలే చెప్పాయి

"కాంతి తరంగమా, కణమా?" అని అడిగి చూడండి. సైన్సు చదువుకున్నవాళ్ళు ఎవరైనా తడుముకోకుండా ఒకే పాఠం అప్పజెప్తారు: కాంతికి ద్వంద్వ స్వభావం ఉంది, ఒక్కోసారి తరంగంలాగా, ఒక్కోసారి కణంలాగా ప్రవర్తిస్తుంది. పరీక్షలో ఈ వాక్యానికి పూర్తి మార్కులు పడతాయి. నాకు మాత్రం ఈ వాక్యమంటే ఎప్పటినుంచో చిరాకు. అది తప్పని నేను అనను. కానీ అది చెప్పేశాక ఇంకో ప్రశ్న అడిగే దారి మూసుకుపోతుంది. ఆ "ఒక్కోసారి" ఎప్పుడు? ఎవరు నిర్ణయిస్తారు? కాంతి తనకు తోచినప్పుడల్లా వేషం మారుస్తుందా? వీటికి ఆ వాక్యంలో జవాబు లేదు. పైగా జవాబు దొరికేసిందన్న తృప్తి ఒకటి మిగులుతుంది.

నా వాదన ఇది. కాంతి ఎలా ప్రయాణిస్తుందో చూసినంత కాలం శాస్త్రవేత్తలకు తరంగమే కనిపించింది. అది ఎలా పుడుతుంది, ఎక్కడ అంతమవుతుంది అని అడగడం మొదలెట్టాకే మిగతా సగం బయటపడింది. ఆ ప్రశ్న తెచ్చిపెట్టింది దీపాలు కొలిచేవాళ్ళు. అయినా మన పాఠాల్లో కాంతి జనకాలకు దక్కేది చిన్న తరగతిలో రెండు పేజీలు. సూర్యుడు సహజం, బల్బు కృత్రిమం, చంద్రుడు స్వయంప్రకాశకం కాదు, అయిపోయింది. కాంతి స్వభావం గురించి మళ్ళీ ఎన్నో ఏళ్ళకు, పెద్ద తరగతుల్లో చెప్తారు. ఈ రెండిటినీ ఇలా విడదీయడం వల్లే కాంతి చాలామందికి అంతుపట్టని వింతగా మిగిలిపోయిందని నా నమ్మకం.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తాను. న్యూటన్ కాంతిని సూక్ష్మకణాల ధార అనుకున్నాడు, హైగెన్స్ తరంగం అన్నాడు. న్యూటన్ పేరుకున్న బరువు వల్ల వందేళ్ళు కణాల వైపే మొగ్గు ఉంది. 1800 దాటాక థామస్ యంగ్ రెండు సన్నని దారుల్లో వచ్చిన కాంతిని ఒకచోట కలిపి చూపించాడు. అక్కడ వెలుగు చార, చీకటి చార, మళ్ళీ వెలుగు చార. వెలుగుకు వెలుగు తోడైతే కొన్నిచోట్ల చీకటి వస్తోంది. కణాలు ఎంత చిన్నవనుకున్నా ఒకదానికొకటి కలిసి సున్నా కాలేవు. తరంగాలు కాగలవు.

ఈ కథలో నాకు ఇష్టమైన ఘట్టం 1818లో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ పెట్టిన పోటీ. ఫ్రెనెల్ తరంగ సిద్ధాంతంతో ఒక వ్యాసం పంపాడు. న్యాయనిర్ణేతల్లో ప్వాసోన్ కణాల పక్షం, గణితంలో ఉద్దండుడు. ఆయన ఫ్రెనెల్ సమీకరణాలనే తీసుకుని, వీటి ప్రకారం గుండ్రటి బిళ్ళ నీడకు సరిగ్గా మధ్యలో వెలుగు చుక్క రావాలి, ఇంతకంటే హాస్యాస్పదం ఉంటుందా అన్నాడు. మరో న్యాయనిర్ణేత అరాగో ఊరుకోకుండా ప్రయోగం చేశాడు. చుక్క ఉంది! ప్రత్యర్థిని ఓడించడానికి ప్వాసోన్ వేసిన లెక్కే ఆ ప్రత్యర్థికి అన్నిటికంటే గట్టి సాక్ష్యమైంది. ఇప్పటికీ దాన్ని ప్వాసోన్ చుక్క అనే పిలవడం కాస్త క్రూరమే.

1865లో మాక్స్‌వెల్ మిగతాది పూర్తి చేశాడు. విద్యుత్తు, అయస్కాంతం మీద ప్రయోగశాలలో చేసిన కొలతల నుంచి విద్యుదయస్కాంత తరంగం వేగం ఎంత ఉండాలో లెక్క కడితే, అది అప్పటికి కొలిచిన కాంతి వేగానికి చాలా దగ్గరగా వచ్చింది. కాంతి కూడా అలాంటి తరంగమేనని తేల్చాడు. 1887లో హెర్ట్జ్ అలాంటి తరంగాలనే, ఇప్పుడు మనం రేడియో తరంగాలు అనేవాటిని, నిప్పురవ్వలతో పుట్టించి చూపించాడు. విద్యుదావేశం ఊగితే కాంతి పుడుతుంది. ఇక్కడితో కథ ముగిసిందనుకున్నవాళ్ళను తప్పుపట్టలేం.

ముగియనివ్వనిది కాలిన ఇనుము.

ఇనుప కడ్డీని కాలుస్తూ పోతే మొదట వేడి మాత్రమే తెలుస్తుంది. తర్వాత మసక ఎరుపు, ఆ తర్వాత నారింజ, ఇంకా కాలిస్తే పసుపు కలిసిన తెలుపు. 1847లో జాన్ విలియం డ్రేపర్ రకరకాల పదార్థాలను వేడిచేసి చూశాడు. అన్నీ దాదాపు ఒకే ఉష్ణోగ్రత దగ్గర, సుమారు 525 డిగ్రీల సెల్సియస్‌లో, ఎర్రగా వెలగడం మొదలుపెట్టాయి. ఇనుమూ ప్లాటినమూ ఎంత వేరైనా వెలుగు మొదలయ్యే చోటు ఒక్కటే. కొన్నేళ్ళకు కిర్కాఫ్ దీన్ని సూత్రంగా మార్చాడు. అన్నివైపులా మూసిన గుల్లను వేడిచేసి, చిన్న రంధ్రంలోంచి బయటకొచ్చే కాంతిని చూస్తే, అందులో ఏ రంగు ఎంత ఉందనేది ఉష్ణోగ్రత ఒక్కటే నిర్ణయిస్తుంది, గోడ దేనితో చేశామన్నది లెక్కలోకి రాదు. దీని అర్థం మామూలుది కాదు. వేడి వెలుగులో పదార్థం గుర్తులు చెరిగిపోయి కాంతి గుర్తులు మాత్రమే మిగులుతాయి. అంటే కాంతి లోతు తెలుసుకోవాలంటే ఆ గుల్ల కంటే మంచి చోటు లేదు.

ఆ గుల్లను జాగ్రత్తగా కొలిచినవాళ్ళు బెర్లిన్‌లోని జర్మన్ జాతీయ కొలతల సంస్థలో పనిచేసేవాళ్ళు. గ్యాసు దీపానికీ విద్యుద్దీపానికీ గట్టి పోటీ నడుస్తున్న రోజులవి. ఏ దీపం ఎంత వెలుగిస్తుందో తేల్చాలంటే అందరూ ఒప్పుకునే ప్రమాణం కావాలి. వేడి గుల్ల ఆ ప్రమాణానికి పనికొస్తుందేమోనని లుమ్మర్, ప్రింగ్స్‌హైమ్, రూబెన్స్, కుర్ల్‌బామ్ ఏళ్ళ తరబడి దాని వర్ణపటాన్ని కొలిచారు. 1900 అక్టోబర్‌లో రూబెన్స్ తన తాజా కొలతలను మాక్స్ ప్లాంక్ చెవిన వేశాడు. ప్లాంక్ ఆ కొలతలకు అతికే సూత్రం కొద్దిరోజుల్లోనే పట్టుకున్నాడు. అది ఎందుకు అతుకుతోందో చెప్పడానికి మాత్రం డిసెంబర్ 14 దాకా పట్టింది.

చిక్కు ఇదీ. పాత భౌతికశాస్త్రం ప్రకారం గుల్లలోని వేడి అన్ని రకాల కంపనాలకూ సమానంగా పంచబడాలి. పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందనేది) పెరిగేకొద్దీ కంపనాల రకాలు అంతులేకుండా పెరుగుతాయి కాబట్టి, వేడి మొత్తం అతినీలలోహితంలోకి, దాన్నీ దాటి ఎక్స్‌కిరణాల్లోకి పారిపోవాలి. మామూలు కొలిమి కూడా ఎక్స్‌కిరణాలు చిమ్మాలి. కొలిమి అలా చెయ్యదు, ఎర్రగా మండుతుంది. ప్లాంక్ చేసిన పని ఏమిటంటే, వేడి పదార్థం కాంతికి శక్తినిచ్చేటప్పుడు ఎంతంటే అంత ఇవ్వలేదని ఒప్పుకోవడం. ముద్దలుగా ఇవ్వాలి. ముద్ద పరిమాణం పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది: ఎరుపుకు చిన్నది, నీలానికి పెద్దది, ఎక్స్‌కిరణానికి మరీ పెద్దది. 600 డిగ్రీల్లో ఉన్న ఇనుములో అణువుల కుదుపులు ఎరుపు ముద్దకు అతికష్టంగా సరిపోతాయి, నీలం ముద్దకు దాదాపు చాలవు. అందుకే ముందు ఎరుపు, ఎంతో వేడెక్కాక గాని నీలం రాదు. కమ్మరి వెయ్యేళ్ళుగా చూస్తున్న రంగుల వరసలోనే క్వాంటం సిద్ధాంతం ఉంది.

ఈ ముద్దలను ప్లాంక్ ఒక లెక్క చమత్కారంలాగా, వేరే గతిలేక ఒప్పుకున్నాడు. కాంతి నిజంగానే అలా ఉంటుందని ఆయన అనలేదు, పదార్థం శక్తిని ఇచ్చిపుచ్చుకునే తీరు అలా ఉందన్నాడు. నాకు ఈ జాగ్రత్త ఇప్పటికీ గౌరవించదగ్గదిగా అనిపిస్తుంది. ముద్దలు కాంతివేనని 1905లో ధైర్యంగా అన్నవాడు ఐన్‌స్టీన్. 1902లో లెనార్డ్ ఒక విచిత్రం గమనించాడు. లోహం మీద కాంతి పడి ఎలక్ట్రాన్లు ఎగిరి వచ్చేటప్పుడు, కాంతి తీవ్రత పెంచితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది గాని ఒక్కో ఎలక్ట్రాన్ శక్తి పెరగదు. శక్తి పెరగాలంటే కాంతి రంగు మారాలి. ముద్దలుగా వచ్చే కాంతికి ఇది సహజం: ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఒక్కో ముద్ద, ముద్ద సైజు రంగును బట్టి.

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, మన చర్మం చాలు. మూసిన గాజు కిటికీ వెనక ఎండలో కూర్చుంటే కాంతి దాదాపు అంతా వస్తుంది, వేడి కూడా బాగానే తెలుస్తుంది. అయినా ఆరుబయట కమిలినట్టు చర్మం కమలదు. గాజు ఆపింది మొత్తం ఎండలో చాలా కొద్ది భాగమే, 300 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దరిదాపుల్లో ఉన్న అతినీలలోహితాన్ని. ఆ కొద్దిదానిలో ఒక్కో ముద్ద డీఎన్‌ఏ బంధాలను చెడగొట్టేంత పెద్దది. మిగతా కాంతి మొత్తం పరిమాణంలో ఎన్నో రెట్లు ఎక్కువైనా, దాని ముద్ద ఏదీ విడిగా ఆ పనికి చాలదు. చిన్న ముద్దలు లక్ష కలిసినా ఒక పెద్ద ముద్ద చేసే పని చెయ్యలేవు. కాంతి తరంగం మాత్రమే అయితే దీన్ని వివరించడానికి తల ప్రాణం తోకకు వస్తుంది.

ఇక్కడ ఒక పక్కమాట. లెనార్డ్ చూసిన ఆ విచిత్రమే, అంటే కాంతి విద్యుత్ ఫలితమే, ఫోటాన్ (కాంతి ముద్దకు పెట్టిన పేరు) ఉందనడానికి రుజువని పుస్తకాలు రాస్తాయి. కచ్చితంగా చూస్తే అది చాలదు. కాంతిని తరంగంగానే ఉంచి, లోహంలోని ఎలక్ట్రాన్లకు మాత్రం క్వాంటం నియమాలు పెట్టినా ఆ ఫలితాల్లో చాలావరకు రాబట్టవచ్చని తర్వాత తేలింది. తిరుగులేని రుజువులు చాలా ఆలస్యంగా వచ్చాయి. 1977లో కింబుల్, డాజెనే, మాండెల్ ఒంటరి సోడియం పరమాణువుల నుంచి వచ్చే కాంతిని గమనించి, ఒక ఫోటాన్ వచ్చిన వెంటనే రెండోది రాదని చూపించారు. పరమాణువు ఒకటి ఇచ్చాక మళ్ళీ సిద్ధం కావడానికి సమయం పడుతుంది మరి. ఈ రుజువూ కాంతి పుట్టుక దగ్గరే దొరికిందని గమనించండి.

సరే, కాంతి పుట్టే చోట్లకు వద్దాం. సహజం, కృత్రిమం అనే విభజన మనిషికి సంబంధించింది, కాంతికి దానితో పనిలేదు. మెరుపు సహజం, వెల్డింగ్ చాపం కృత్రిమం, కాంతి పుట్టే పద్ధతి మాత్రం రెండిట్లోనూ ఒకే జాతిది. స్వయంప్రకాశకం అవునా కాదా అనే విభజన ఇంకా బలహీనం. మన ఒళ్ళు కూడా రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది. 37 డిగ్రీల దగ్గర ఆ వెలుగు సుమారు 9 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యంలో, పరారుణంలో గరిష్ఠంగా ఉంటుంది, మన కళ్ళకు ఆనదు, థర్మల్ కెమెరాకు ఆనుతుంది. ఆకాశం నీలం సంగతి చూడండి. సూర్యకాంతి గాలి అణువుల్లోని ఎలక్ట్రాన్లను ఊపుతుంది, ఊగిన ఎలక్ట్రాన్లు తమ వంతుగా అన్ని దిక్కులకూ కాంతి వెదజల్లుతాయి. అలాంటప్పుడు గాలి కాంతి జనకమా కాదా? నన్నడిగితే ఆ ప్రశ్నే పిల్లలకు ఇవ్వాలి, పట్టిక ఇవ్వకూడదు.

పనికొచ్చే విభజన ఒకటుంది: వేడి వల్ల పుట్టే కాంతి, వేడి అవసరం లేకుండా పుట్టే కాంతి.

వేడి కాంతిలో అణువులన్నీ అడ్డదిడ్డంగా కుదుపుకుంటాయి, అన్ని రంగులూ కలగలిపి వస్తాయి, ఏది ఎక్కువన్నది ఉష్ణోగ్రత చెప్తుంది. పాత బల్బులో టంగ్‌స్టన్ తీగ సుమారు 2,700 కెల్విన్ దగ్గర ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతకు గరిష్ఠం పరారుణంలో, 1,070 నానోమీటర్ల దగ్గర పడుతుంది. అందువల్ల ఆ బల్బు తిన్న విద్యుత్తులో కంటికి కనిపించే వెలుగయ్యేది నూటికి ఐదు పాళ్ళ దరిదాపు. లోపం తయారీలో లేదు. ఇంకా వేడిచేద్దామంటే టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల సెల్సియస్‌లో కరిగిపోతుంది. కొవ్వొత్తి పసుపు మంట కూడా ఈ జాతే: అందులో వెలిగేది ఎర్రగా కాలిన మసి రేణువులు. మంట అడుగున కనిపించే నీలం మాత్రం వేరే జాతి, అది రసాయన చర్యలో పుట్టిన అణుశకలాలు నేరుగా ఇచ్చే కాంతి. ఒక్క మంటలో రెండు జాతులూ పక్కపక్కనే ఉన్నాయి.

సూర్యుడి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ అందరం ఒక తప్పు కథ నమ్ముతాం. సూర్యుడి కేంద్రంలో పుట్టిన ఫోటాన్ వేల ఏళ్ళు తిరిగి తిరిగి బయటపడి, ఎనిమిది నిమిషాల్లో మన కంటికి చేరుతుందని ఒక అందమైన కథ ప్రచారంలో ఉంది. కేంద్రంలో సంలీనం (పరమాణు కేంద్రకాలు ఒకటిగా కలవడం) వల్ల పుట్టేది గామా కిరణం. అది కాస్త దూరంలోనే అంతమవుతుంది. దాని శక్తి చేతులు మారుతూ, అసంఖ్యాకమైన చిన్న ఫోటాన్లుగా పుడుతూ చస్తూ పైకి వస్తుంది. బయటపడడానికి సుదీర్ఘ కాలం పట్టేది ఆ శక్తికి. మన కంట్లో పడే ఫోటాన్ వయసు ఎనిమిది నిమిషాల చిల్లరే. అది పుట్టింది ఫోటోస్ఫియర్ అనే పై పొరలో, కొన్ని వందల కిలోమీటర్ల మందం మాత్రమే ఉన్న చోట.

ఎలా పుట్టిందన్నది ఇంకా బాగుంటుంది. 1939లో రూపర్ట్ విల్ట్ సూచించిన జవాబు ఇది: ఆ పొరలో మామూలు హైడ్రోజన్ పరమాణువులు ఉన్నాయి. సోడియం, మెగ్నీషియం, ఇనుము లాంటి లోహాల నుంచి ఊడివచ్చిన ఎలక్ట్రాన్లు తిరుగుతున్నాయి. అప్పుడప్పుడు ఒక హైడ్రోజన్ పరమాణువు తనకున్న ఒక ఎలక్ట్రాన్ చాలక రెండోదాన్ని పట్టుకుంటుంది. పట్టు చాలా వదులు, అయినా పట్టుకున్నప్పుడు మిగిలిన శక్తి కాంతిగా బయటకొస్తుంది. వచ్చి చేరే ఎలక్ట్రాన్ ఏ వేగంతోనైనా రావచ్చు కాబట్టి, పుట్టే కాంతి ఏ రంగులోనైనా ఉండవచ్చు. అందుకే సూర్యకాంతిలో రంగులు తెగకుండా వరసగా ఉంటాయి. ఆ పొర 5,772 కెల్విన్ వద్ద ఉన్నట్టు ప్రవర్తించడం వల్ల గరిష్ఠం 500 నానోమీటర్ల దగ్గర పడుతుంది. పగటి వెలుతురులో అత్యధిక భాగం ఇలా ఒక పరమాణువు అదనపు ఎలక్ట్రాన్‌ను అందుకున్న క్షణాల మొత్తం. సూర్యుడంటే మండే అగ్నిగోళం అని రాసేవాళ్ళు దీన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

ఇంకో సంగతి. సూర్యుడు ఒక కిలో ద్రవ్యరాశికి ఇచ్చే శక్తి వాటులో ఐదువేలో వంతు మాత్రమే. ఊరికే కూర్చున్న మనిషి శరీరం కిలోకు ఒక వాటు పైనే విడుదల చేస్తుంది. కిలో లెక్కన మనమే కొన్ని వేల రెట్లు ఘనం. సూర్యుడిది పరిమాణం బలం. లోపల పుట్టిన కొద్దిపాటి వేడి బయటపడే దారిలేక పేరుకుపోవడం వల్లే అంత ఉష్ణోగ్రత.

వేడి అక్కర్లేని కాంతి మరో రకం. ఇక్కడ పదార్థం తన సంతకం పెడుతుంది. పరమాణువులో ఎలక్ట్రాన్‌కు కొన్ని శక్తి మెట్లే ఉంటాయి. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగితే, ఆ తేడాకు సరిపోయిన రంగే పుడుతుంది. సోడియం 589 నానోమీటర్ల పసుపు ఇస్తుంది, ఎక్కడున్నా అదే. 1868లో లాకయర్ సూర్యుడి కాంతిలో సోడియం గీతకు దగ్గరగా, దేనికీ చెందని పసుపు గీత ఒకటి చూసి అది కొత్త మూలకం అన్నాడు. ఆ హీలియం భూమి మీద దొరకడానికి 1895 దాకా, రామ్సే దాకా పట్టింది. ఒక పదార్థాన్ని ఎవరూ ముట్టుకోకముందే దాని కాంతిని బట్టి పేరు పెట్టేశారు.

ఈ దిగడానికి పట్టే సమయం కూడా కథ చెప్తుంది. సోడియం పసుపుకు సెకనులో ఆరు కోట్లో వంతు చాలు. ధ్రువ ప్రాంతాల్లో కనిపించే అరోరాలో ఆక్సిజన్ పరమాణువు 557.7 నానోమీటర్ల ఆకుపచ్చ ఇవ్వడానికి ముప్పాతిక సెకను దాకా తీసుకుంటుంది. 630 నానోమీటర్ల ఎరుపు ఇవ్వడానికి దాదాపు రెండు నిమిషాలు. గాలి దట్టంగా ఉన్న చోట ఆ రెండు నిమిషాల్లోపు ఏదో ఒక అణువు వచ్చి గుద్దుకుని శక్తి లాగేస్తుంది, కాంతి పుట్టనే పుట్టదు. అందుకే ఎరుపు 200 కిలోమీటర్లు దాటిన పలచటి గాలిలోనే కనిపిస్తుంది, దాని కింద ఆకుపచ్చ. అరోరా రంగుల అమరిక అంటే ఏ ఎత్తులో పరమాణువును ఎంతసేపు ఒంటరిగా వదిలేస్తారన్న పటమే.

ఎల్‌ఈడీ కూడా మెట్లు దిగే జాతే, పరమాణువుకు బదులు స్ఫటికంలో. ప్లాంక్ మాట నిజమో కాదో తేల్చుకోవాలనుకునేవాళ్ళకు ఇంతకంటే చవకైన సాక్షి లేదు. ఎరుపు ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు రెండు వోల్టులు చాలు, నీలానికి మూడు దాకా కావాలి. ముద్ద పెద్దదైతే ఒక్కో ఎలక్ట్రాన్ మోసుకురావలసిన శక్తి కూడా పెద్దదే. 1962లో ఎరుపు వచ్చినా తగినంత ప్రకాశమున్న నీలం కోసం ముప్పై ఏళ్ళు ఆగాల్సి రావడానికి ఒక కారణం ఇదే. అంత పెద్ద మెట్టున్న గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని దోషాలు లేకుండా పెంచడం మహా కష్టం. అది సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. మిణుగురు పురుగు అదే పని రసాయనాలతో, చడీచప్పుడూ లేకుండా చేస్తోంది. అణు రియాక్టర్ నీళ్ళలో కనిపించే నీలం వెలుగు వేడి వల్ల పుట్టిందీ కాదు, మెట్లు దిగడం వల్ల పుట్టిందీ కాదు. అది నీటిలో కాంతి కంటే వేగంగా పోయే ఎలక్ట్రాన్ల వల్ల పుట్టే చెరెన్‌కోవ్ కాంతి. శూన్యంలో కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు, దాన్ని ఎవరూ దాటలేరు. నీటిలో కాంతి అందులో ముప్పాతిక వంతు వేగంతోనే పోతుంది కాబట్టి అక్కడ దాటవచ్చు.

ఇన్ని చోట్లు చూశాక ఒక ప్రశ్న తప్పదు. పుట్టక ముందు ఫోటాన్ ఎక్కడుంది? పరమాణువులో దాక్కుని ఉందా? లేదు. గొంతులో మాటలు ముందే పోగుపడి ఉండనట్టే, పరమాణువులో కాంతి నిల్వ ఉండదు, శక్తి మాత్రమే ఉంటుంది. దీనికి గట్టి ఆధారం ఉంది. 1946లో పర్సెల్ ఒక చిన్న వ్యాసంలో చెప్పిందేమిటంటే, పరమాణువు చుట్టూ ఉన్న చోటును మారిస్తే అది కాంతినిచ్చే వేగం మారుతుంది. తగిన అద్దాల మధ్య పెడితే తొందరగా ఇస్తుంది, పుట్టబోయే తరంగం ఇమడని ఇరుకులో పెడితే ఆలస్యం చేస్తుంది. తర్వాత ప్రయోగాల్లో ఇది రుజువైంది. లోపల సిద్ధంగా ఉన్న కణాన్ని బయటికి విసరడమే అయితే చుట్టూ ఏ అద్దాలున్నాయో పరమాణువుకు ఎందుకు? ఫోటాన్ పుట్టుకలో పరమాణువుతో పాటు చుట్టూ ఉన్న విద్యుదయస్కాంత క్షేత్రానికీ వాటా ఉంది. ఆ క్షేత్రమే అసలు వస్తువు, దానికి ఒక ముద్ద శక్తి చేరడాన్నే ఫోటాన్ పుట్టడం అంటున్నాం.

అప్పటికే ఉన్న కాంతి కొత్త కాంతి పుట్టుకను ప్రోత్సహిస్తుందని ఐన్‌స్టీన్ 1917 నాటికే రాశాడు. అదే రంగు, అదే దిక్కు, అదే లయతో రెండోది పుడుతుంది. 1960 మే 16న మైమన్ కెంపు స్ఫటికంతో వెలిగించిన మొదటి లేజర్ దీనికి ఫలితం. 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ ప్లాంక్ సూత్రాన్ని కొత్తగా రాబట్టి చూపించాడు. ఒకే స్థితిలో ఉన్న ఫోటాన్లకు ఇది మొదటిది, అది రెండోది అని గుర్తు పెట్టలేమని ఒప్పుకుంటేనే ఆ లెక్క కుదురుతుంది. గుర్తు పెట్టలేనివి, ఎప్పుడంటే అప్పుడు పుట్టి చచ్చేవి, సంఖ్య నిలకడగా ఉండనివి. వీటిని కణాలు అన్నప్పుడు మన బుర్రలో మెదిలే చిన్న గోళీల బొమ్మ ఎంత దూరమో చూడండి. తరంగం అన్నప్పుడు మెదిలే బొమ్మ మాటేమిటంటే, అది ఎక్కువ దూరం నిలుస్తుంది గాని చివరి మెట్టు దగ్గర కూలుతుంది.

ఆ చివరి మెట్టు గురించి 1986లో ప్యారిస్ దగ్గర గ్రాంజియే, రోజే, ఆస్పే చేసిన ప్రయోగం స్పష్టంగా చెప్తుంది. కాల్షియం పరమాణువుల నుంచి ఒక్కో ఫోటాన్‌ను విడిగా పంపి, సగం కాంతిని దాటనిచ్చి సగాన్ని తిప్పికొట్టే అద్దం మీద పడనిచ్చారు. రెండు దారుల చివరా డిటెక్టర్లు పెడితే ఏదో ఒకటే టిక్కుమంది, రెండూ కలిసి టిక్కుమనడం లేదనే చెప్పాలి. డిటెక్టర్లు తీసి, రెండు దారులనూ మళ్ళీ కలిపితే యంగ్ చూసిన లాంటి వ్యతికరణం వచ్చింది, ఒక్కో ఫోటాన్ రెండు దారులూ ఎరిగినట్టు. కాంతి ఇక్కడ వేషం మార్చలేదు. రెండుసార్లూ అది ఒకేలా ప్రయాణించింది, తరంగ నియమాలతోనే. రెండుసార్లూ ఒకేలా అంతమైంది, ఒక్కచోట, ముద్ద మొత్తంగా. మనం మార్చింది దాన్ని ఎక్కడ అంతం చేశామన్నదే. కాబట్టి "ఒక్కోసారి తరంగం, ఒక్కోసారి కణం" అనే వాక్యాన్ని నేనైతే ఇలా మారుస్తాను: ప్రతిసారీ క్షేత్రంలో తరంగంలా వ్యాపిస్తుంది, ప్రతిసారీ పదార్థంతో ముద్దగా లావాదేవీ చేస్తుంది. మధ్యలో "నిజంగా ఎక్కడుంది" అన్న ప్రశ్నకు సిద్ధాంతం సమాధానం ఇవ్వదు. అది లోటని కొందరు వాదిస్తారు. నాకు అలా అనిపించదు, ఎందుకంటే మామూలు డిటెక్టర్లేవీ మధ్యలో ఉన్నదాన్ని అంతం చెయ్యకుండా చూడలేవు.

మన కంట్లో కూడా జరిగేది ఇదే. రెటినాల్ అనే వంకర అణువు ఒక ఫోటాన్‌ను మింగి, సెకనులో ఐదు లక్షల కోట్లో వంతు కాలంలో నిటారు అవుతుంది. ఫోటాన్ అక్కడితో సరి, మెదడుకు పోయేది రసాయన, విద్యుత్ సంకేతం. అందుకే కన్ను కాంతి పుట్టుక విషయంలో తేలిగ్గా మోసపోతుంది. అల్ప పీడన సోడియం దీపం పసుపు, ఓలెడ్ ఫోన్ తెర మీది పసుపు కంటికి ఒకేలా ఉండవచ్చు. మొదటిదానిలో ఉన్నదంతా పసుపు ఫోటాన్లు. రెండోదానిలో అవి దాదాపు లేవు, ఎరుపూ ఆకుపచ్చా కలిసి కంటిని అలా నమ్మిస్తున్నాయి.

మూలన పడేసిన సీడీ ఒకటి ఉంటే తీసి చూడండి. దాని మీది సన్నని గీతలు కాంతిని రంగులుగా విడగొడతాయి. చీకటి గదిలో ఒక్కో దీపం ప్రతిబింబాన్ని ఏటవాలుగా చూస్తే చాలు, సూర్యుడి ప్రతిబింబం మాత్రం చూడొద్దు. పాత బల్బుకు రంగులు ఎక్కడా తెగకుండా వస్తాయి. ట్యూబ్‌లైట్‌కు విడివిడి పట్టీలు, మధ్యలో ఖాళీలు. తెల్ల ఎల్‌ఈడీకి ఒక గాఢమైన నీలం, దాని పక్కన కాస్త మసక, తర్వాత ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా వెడల్పాటి మెత్తని పట్టీ: నీలం చిప్‌ది, మిగతాది దానిమీద పూసిన ఫాస్ఫర్‌ది, అంటే నీలాన్ని మింగి వేరే రంగులిచ్చే పదార్థానిది. గది వెలుతురు అన్నిటికిందా తెల్లగానే ఉంటుంది.